బాలింత దూప

ఆ ఎండాకాలం నా సంచిలో ఎప్పుడూ మూడు వస్తువులుండేవి. పసిపిల్లల్ని తూచే స్ప్రింగు త్రాసు, దానికి తగిలించే గుడ్డ ఉయ్యాల, పచ్చ అట్ట కార్డులు. జూబ్లీహిల్స్‌లోని ఒక నర్సింగ్‌హోంలో నాకది మొదటి ఉద్యోగం. కాన్పు అయి ఇంటికెళ్ళిన తల్లుల్ని రెండు నెలల పాటు వారానికోసారి చూసి రమ్మని డాక్టర్ లీలాకుమారి గారు నన్ను పంపేవారు. బిడ్డ బరువు, తల్లి తిండి, పాలు సరిపోతున్నాయా లేదా, అన్నీ కార్డు మీద రాయాలి. కార్డు ఆ ఇంట్లోనే ఉంటుంది. నకలు మాత్రం నేను తెచ్చి డాక్టరు గారికివ్వాలి.

అది 2001. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. బీఎస్సీ నర్సింగ్ పాసయ్యానని మా అమ్మ యూసుఫ్‌గూడ బస్తీలో గడప గడపకూ చెప్పుకుని తిరిగింది. మా అమ్మ పేరు అనసూయ. బాలింతలకు ఒళ్ళు మర్దన చేసి, వేన్నీళ్ళు పోసి, పిల్లలకు స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేయడం ఆమె పని. ఇద్దరం పోయేది బాలింతల ఇళ్ళకే. నేను పుస్తకం చదివి పోయేదాన్ని, ఆమె చేతుల్ని నమ్ముకుని పోయేది.

ఫిల్మ్ నగర్‌లో సుబ్బరామయ్య గారింటికి మనిషి కావాలన్నప్పుడు ఆమెను కుదిర్చింది నేనే. పేషెంట్ల ఇళ్ళలో మా చుట్టాల్ని పెట్టకూడదని నర్సింగ్‌హోంలో రూలు. అందుకని "మాకు తెలిసినామె అండీ, అనసూయమ్మ, చెయ్యి మంచిది" అన్నాను. రూలు కోసమే అలా అన్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఆ మేడ మెట్ల మీద, తెల్ల కోటు వేసుకుని, నూనె మరకల చీర కట్టుకున్న మనిషిని చూపించి మా అమ్మ అనలేకపోయానన్నది అసలు సంగతి.

సుబ్బరామయ్య గారు సినిమాలు తీసే మనిషి. కింది హాల్లో ఎప్పుడూ నలుగురు కూర్చుని కథలు చెప్పుకుంటూ ఉండేవారు. వాళ్ళబ్బాయి సిద్ధార్థ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. కోడలు రష్మిదీ అదే ఆఫీసు. వెంగళరావు నగర్ అమ్మాయి, ఇష్టపడి చేసుకున్నారు. రష్మికి తల్లి లేదు, తండ్రి కమలాకర్ గారొక్కరే. అందుకే పుట్టింటికి పోకుండా అత్తగారింట్లోనే బాలింత అయింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు పాప రెండు కిలోల ఎనిమిది వందలు. రష్మి మంచం పక్కన స్టీలు గ్లాసులో అడుగున కాసిని నీళ్ళున్నాయి, మీద మూత పెట్టి ఉంది.

"అమ్మగారూ, నీళ్ళు బాగా తాగించాలండీ. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. రోజుకి మూడు లీటర్లయినా పడాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు కూడా పెట్టండి" అన్నాను అత్తగారు సత్యలక్ష్మి గారితో.

"అలాగేలే నర్సమ్మా, రాసుకో" అన్నారావిడ నవ్వుతూ. "మా కృష్ణా జిల్లాలో బాలింతకి పూటకో గ్లాసు కాచిన నీళ్ళే. ఎక్కువిస్తే ఒళ్ళు నీరు పడుతుంది. వెల్లుల్లి కారం, నెయ్యి, కాయం ఉండ, ఇవే నన్ను నిలబెట్టాయి. ముగ్గుర్ని కన్నాను, మీ పుస్తకాలు లేకుండానే."

నేను 'నీళ్ళు ఎక్కువ ఇవ్వాలని చెప్పడమైనది' అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. తర్వాతి వారమూ అదే వాక్యం రాశాను. చెప్పడం నా పని, చెప్పాను. ఆ గ్లాసు నిండిందా లేదా అని వంగి చూడలేదు.

రష్మి నాతో మాట్లాడేటప్పుడు అత్తగారింటి తెలుగే మాట్లాడేది. "బావున్నానండీ సిస్టర్. పాపే సరిగ్గా తాగట్లేదు" అనేది. మా అమ్మతో మాత్రం వేరు. స్నానమయ్యాక అమ్మ ఆమెకు నడికట్టు బిగిస్తుంటే, తలుపు దగ్గరగా వేసి ఉన్న గదిలోంచి ఇద్దరి గొంతులూ వినబడేవి.

"జర మెల్లగ అనసూయమ్మా, నడుం ఇరిగేటట్టున్నది."

"ఇరిగితే నీ మొగనికి చెప్తతియ్, కొత్తది చేపిస్తడు. ఆఫీసుల కుర్చీల కూసొని కూసొని కట్టె లెక్క అయింది ఒళ్ళు."

రష్మి పకపకా నవ్వేది. ఆ ఇంట్లో ఆమె అలా నవ్వడం మా అమ్మ ఉన్న ఆ రెండు గంటలే.

మూడో వారం అయ్యేసరికి పాప బాగా నిద్రపోతోందని అందరూ సంతోషంగా ఉన్నారు. "అర్ధరాత్రి ఏడుపు లేదు, పేచీ లేదు. బంగారు తల్లి" అని సత్యలక్ష్మి గారు దిష్టి తీశారు. త్రాసు ముల్లు మాత్రం మూడు కిలోల దగ్గరే ఆగిపోయింది. తర్వాతి వారం కూడా అక్కడే. నెల నిండిన పిల్ల రోజుకు ఇరవై, పాతిక గ్రాములు పెరగాలి. పాప అరికాలి మీద చిటికేస్తే కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకునేది.

అయిదో వారం, ఏప్రిల్ నెలాఖరు. ఎప్పుడూ పదకొండింటికి, సాంబ్రాణి పొగ గది నిండా కమ్ముకుని ఉన్న వేళ వెళ్ళేదాన్ని. ఆ రోజు వేరే ఇంటివాళ్ళు ఊళ్ళో లేకపోవడంతో గంట ముందే వచ్చాను. అమ్మ వెనక దొడ్లో పాపకు నీళ్ళు పోస్తోంది. రష్మి తడి జుట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. ఎప్పటి నవ్వు కాదది. నాకూ తనకూ మధ్య ఏదో తెలిసిన సంగతి ఉన్నట్టు నవ్వింది. గుండె చప్పుడు వినడానికి వంగాను. నోట్లోంచి పులిసిన వాసన గుప్పుమంది.

ఆ వాసన నాకు తెలియనిది కాదు. మా బస్తీ వెనక కల్లు కాంపౌండు గోడ పక్కనే నేను పరీక్షలకు చదువుకున్నాను. కానీ ఫిల్మ్ నగర్ కొండ మీద, ఏసీ గదిలో, ఇంజనీరింగు చదివిన పిల్ల దగ్గర కల్లు అన్న ఆలోచనే రాలేదు. కింద హాల్లో అద్దాల అల్మరా నిండా ఉన్న సీసాలు గుర్తొచ్చాయి. ఆఫీసు పార్టీలో రష్మి చేతిలో గ్లాసు పట్టుకుని దిగిన ఫొటో గురించి సత్యలక్ష్మి గారు ఒకసారి నా దగ్గర ముక్కు విరవడం గుర్తొచ్చింది. బిడ్డ మత్తు, పెరగని బరువు, ఈ వాసన. లెక్క కుదిరిపోయింది. ఇంతే చదువుకున్నాను మరి.

అడిగి ఉండాల్సింది. "ఏం తాగావమ్మా, ఎందుకు తాగావు" అని రెండు మాటలు. అడగడానికి నాకే సిగ్గనిపించింది. కార్డు తీసి, 'తల్లి నోట మద్యం వాసన. బిడ్డ మగతగా ఉంది' అని ఇంగ్లీషులో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, టేబుల్ మీద ఉంచి వచ్చాను. నా చేతిరాత స్పష్టంగా ఉంటుందని కాలేజీలో అందరూ మెచ్చుకునేవారు.

రెండు రోజులకు డాక్టరు గారు మళ్ళీ పంపితే వెళ్ళాను. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. పాప సత్యలక్ష్మి గారి ఒళ్ళో సీసా పాలు తాగుతోంది.

"రా నర్సమ్మా. నువ్వు రాయబట్టి మా కళ్ళు తెరుచుకున్నాయి" అన్నారావిడ. "అబ్బాయి సాయంత్రం కార్డు చదివి నిలదీశాడు. తాగానంది! పాలు పడతాయని తాగిందట! ఎవరిచ్చారంటే నోరు మెదపదు. వాళ్ళ నాన్న కమలాకర్ గారిని పిలిపించి పంపేశాం. వాళ్ళలో ఆడామగా అందరికీ అలవాటేగా. మేమే పెళ్ళినాడు కళ్ళు మూసుకున్నాం."

'వాళ్ళలో' అన్నప్పుడు నేనూ ఆ తెలంగాణ వాళ్ళలో ఉన్నానని ఆవిడకు తట్టలేదు. నా కోటు చూసి, నేను మాట్లాడే భాష విని మర్చిపోయి ఉంటారు. కింద హాల్లో సుబ్బరామయ్య గారు ఎవరికో గ్లాసులో ఐసు వేయమని కేకేశారు. మధ్యాహ్నం పన్నెండు గంటలు.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ బియ్యం ఏరుతూ అడిగింది. "మంజులా, గా పిల్లను ఎందుకు తోలేసిన్రే? పాపకు తానం జేపియ్యి పో అంటరు గని, ఏమైందంటే చెప్తలేరు."

"తాగుతోందే. నేనే పట్టుకున్న."

"ఏం తాగింది?"

"మందు. నోరు వాసన కొట్టింది."

అమ్మ చేతిలో చాట ఆగిపోయింది. లేచి, నూనె సీసా పెట్టుకునే తన సంచి తెచ్చి, అందులోంచి చిన్న స్టీలు డబ్బా తీసి నా ముందు పెట్టింది. మూత తీసింది. అదే వాసన.

"నేను పోసిన కల్లే అది. మూడు వారాలాయె, రోజు గింత. మనింట్ల బాలింతకు పొయ్యమా? నువ్వు పుట్టినప్పుడు మా అత్త నాకు ముంత నిండ పోసింది. పాలు పడ్డయి, నువ్వు బతికినవ్, నర్సువైనవ్."

"నీకు పోసింది చెట్టు మీదికెళ్ళి దించిన కల్లమ్మా! ఇక్కడ కాంపౌండుల అమ్మేది నిద్రమాత్రల పొడి కలిపిన నీళ్ళు! చెట్టుదైనా పాలకు మంచిది కాదు. పాలు తగ్గుతయ్, బిడ్డకు మత్తొస్తది. పాప అట్ల పండుకుంటున్నది అందుకే!"

అమ్మ డబ్బా మూత పెట్టేసింది. "కడుపు నిండి పండుకుంటుందనుకున్న" అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మొదాలు పాల కోసం గాదే. పిల్లకు దూపయితుండె. పాప రొమ్ము వట్టంగనె గొంతెండుతది గదా, నీళ్ళు, నీళ్ళు అని అల్లాడుతుండె. అడిగితె అత్త ఇయ్యకపాయె. నువ్వన్న నీళ్ళియ్యి అనసూయమ్మా అన్నది. నీళ్ళు బాలింతకు ఇయ్యద్దని అత్త నాతోని ఒట్టు పెట్టించుకున్నది. కల్లుకు ఒట్టు లేదు గదా అని పోసిన. ఎండాకాలం చలువ, పాలు గూడ పడ్తయనుకున్న."

దూప. ఆ అమ్మాయి తాగింది దాహానికి. నేను వారం వారం 'నీళ్ళు ఇవ్వాలని చెప్పడమైనది' అని సంతకాలు పెడుతూ ఉన్నాను.

అమ్మ కొంగు నడుముకు దోపింది. "నడువ్. ఇప్పుడే పోయి చెప్తా. నేనే ఇచ్చిన, పిల్ల తప్పు లేదని. నా పని పోతే పోయె."

"ఆగు" అన్నాను.

"ఏంది ఆగేది?"

"నువ్వు మా అమ్మవని నేనెక్కడా చెప్పలే. ఇప్పుడు చెప్తే నా నౌకరి ఉండదు. నర్సు తల్లే పేషెంటుకు కల్లు పోసిందంటే ఇంకెక్కడా పెట్టుకోరు. జర ఆగు. వాళ్ళ కోపం చల్లారినంక నేనే మెల్లగ మాట్లాడత."

అమ్మ నా ముఖంలోకి చూసింది. "రష్మికి తెలుసు" అంది. "మొదటి రోజే చెప్పిన, నర్సు నా బిడ్డేనని. ఎవ్వరికి చెప్పకు, దాని కొలువుకు మోసమన్న. గందుకే గావచ్చు నోరు తెరుస్తలేదు."

ఆ రోజు ఆ నవ్వేమిటో అప్పుడు అర్థమైంది. కల్లు సంగతి నాకు తెలుసుననే అనుకుంది. తెలిసీ రాశాననుకుని ఉంటుంది.

అమ్మ నా మాట విని ఆగింది. చదువుకున్న కూతురు చెప్పిందని ఆగింది. అంతకు ముందు గానీ, తర్వాత గానీ ఆమె తన తప్పు ఒప్పుకోవడానికి ఆగిన మనిషి కాదు.

నేను రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపాను. పాప డబ్బాపాలతో కాస్త కాస్త బరువు పెరిగింది. చురుగ్గా కాళ్ళు ఆడించేది. నకలు చూసి డాక్టర్ లీలాకుమారి గారు "గుడ్, మంజులతా. నువ్వు గమనించబట్టి సరిపోయింది. అందరూ ఇలా ధైర్యంగా రాయరు" అన్నారు. నేను తల దించుకున్నాను. వినయం అనుకుని ఉంటారు.

బిడ్డ నోరు తగలకపోతే పాలు ఎన్ని రోజులకు తగ్గిపోతాయో నాకు తెలుసు. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, పూర్తి మార్కులు వచ్చాయి. రోజుకు ఎనిమిదిసార్లు పిండి తీస్తుంటే కొన్నాళ్ళు నిలుస్తాయి. ఆ అమ్మాయికి అది చెప్పేవాళ్ళు ఎవరున్నారని రోజూ అనుకునేదాన్ని. అనుకుని, సంచి భుజాన వేసుకుని వేరే ఇళ్ళకు పోయేదాన్ని.

చెప్పేవాళ్ళున్నారు. అమ్మ ఫిల్మ్ నగర్‌లో పాపకు స్నానం చేయించి, అక్కడి నుంచి ఎండలో నడుచుకుంటూ వెంగళరావు నగర్ పోతోందని నాకు తెలియదు. రోజూ రష్మికి కాపడం పెట్టి, పాలు పిండి, ఎవరూ తొక్కని చోట పోయాలని పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోసి వచ్చేదట. తాగడానికి చెంబెడు నీళ్ళిచ్చి, "పాపను తోలిస్తరు బిడ్డా, పాలు ఎండనియ్యకు" అని చెప్పేదట.

పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం అమ్మ ఇంటికి వచ్చింది. నేను అన్నం తింటున్నాను. చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఇయ్యాల రాలేదే" అంది.

"ఏంది రాంది?"

"పాలు. నిన్న గిన్నె అడుగు తడిసింది. ఇయ్యాల సుక్క గూడ లేదు. జరమొచ్చింది పిల్లకు, కుమిలి కుమిలి." తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. "ఈ చేతులతోని ఎంత మందికో తెప్పిచ్చిన."

నేను అన్నం వదిలేసి లేచాను. కోటు వేసుకోలేదు.

ఫిల్మ్ నగర్ ఇంట్లో ఆదివారం కాబట్టి సిద్ధార్థ ఉన్నాడు. సత్యలక్ష్మి గారు సోఫాలో కూర్చుని పాపకు సీసా పట్టిస్తున్నారు. అమ్మ గేటు దగ్గర ఆగబోతే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను.

"అనసూయమ్మ మా అమ్మండీ" అన్నాను. తర్వాత అనుకున్నదంతా వరసగా రాలేదు. కల్లు ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో, నీళ్ళ గ్లాసు సంగతి, నేను అడక్కుండా రాసిన సంగతి, తెలిసీ పదకొండు రోజులు దాచిన సంగతి, అన్నీ కలగాపులగంగా చెప్పాను.

సత్యలక్ష్మి గారు లేచి నిలబడ్డారు. "అంటే తల్లీకూతుళ్ళు కలిసి మా కొంపలో నాటకం ఆడారా? నువ్వు నర్సువా? అయినా ఇస్తే మాత్రం తాగడమేనా? దానికి బుద్ధుండక్కర్లా?"

"నీళ్ళు అడిగిందటమ్మా" అన్నాడు సిద్ధార్థ. మెల్లగా అన్నాడు. "నన్నూ అడిగింది. అమ్మని అడుగు అన్నాను." కారు తాళాలు తీసుకుని, పాపను తల్లి చేతుల్లోంచి ఎత్తుకున్నాడు. "ఈ సీసా కూడా ఇవ్వండి" అన్నాడు నాతో.

మర్నాడు డాక్టరు గారి దగ్గరకెళ్ళి అంతా రాసిచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "వాసన వచ్చిందని రాయడం తప్పు కాదు, మంజులతా. రాసి వచ్చేయడం తప్పు" అన్నారు. ఇళ్ళకు పంపడం మానేసి, వార్డులో రాత్రి డ్యూటీ వేశారు. ఉద్యోగం పోలేదు. పోతుందన్న భయంతోనే ఆ పదకొండు రోజులు దాచాను.

ఎండిన పాలు మళ్ళీ పట్టించవచ్చని పుస్తకంలో ఉంది. బిడ్డను మాటిమాటికీ రొమ్ముకు పెట్టాలి. డ్యూటీ దిగి రోజూ వెంగళరావు నగర్ వెళ్ళేదాన్ని. మా అమ్మ, నేను, కమలాకర్ గారు, సిద్ధార్థ అందరం కలిసి రెండు వారాలు ప్రయత్నించాం. పప్పు, మునగాకు, గుడ్డు అన్నీ పెట్టాం. నీళ్ళ బిందె మంచం పక్కనే ఉండేది. రష్మి మేం చెప్పిందల్లా చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం, జడ వేసుకుంటూ, "మీకు తెల్సే రాసిన్రనుకున్న అక్కా" అంది. అంతవరకు నన్ను సిస్టర్ అనేది.

చివరి రోజు నాకు బాగా గుర్తు. తొలకరి పడి మట్టి తడిసింది. పాపను తూచాను. మూడు కిలోల తొమ్మిది వందలు. రష్మి ఒళ్ళోకి తీసుకుని రొమ్ము అందించింది. పాప రెండుసార్లు నోరు పెట్టి, ముఖం అటు తిప్పుకుని, కాళ్ళు తన్నుకుంటూ ఏడ్చింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిప్పుకుంది. సిద్ధార్థ తెచ్చిన సీసా నోటికి తగలగానే గబగబా గుటకలు వేసింది.

"నా వాసన మర్సిపోయింది" అంది రష్మి. పాప నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది. ఏడవలేదు. సీసా వంచి పట్టుకుని, గాలి పోకుండా ఎలా పట్టుకోవాలో నన్ను అడిగింది. చూపించాను.

పెరట్లో కరివేపాకు చెట్టు కొత్త ఆకు వేసింది. మా అమ్మ దానివైపు చూడకుండా లోపలికి వచ్చి, బిందెలోంచి పెద్ద స్టీలు గ్లాసు నిండా నీళ్ళు ముంచి, రెండు చేతులతో రష్మి ముందు పెట్టింది.

"తాగు బిడ్డా."

రష్మి గ్లాసు వైపు చూసింది. మెల్లగా పక్కకు జరిపింది.

"ఒద్దు అనసూయమ్మా. ఇప్పుడు దూపయితలేదు."